అరువు పుస్తకాల గది

అయినా, చదువుతున్నట్టు కనబడడానికీ చదవడానికీ మధ్య ఏముందని. కళ్ళు రెండింటిలోనూ ఒకేలా కదులుతాయి. పేజీ రెండింటిలోనూ తిరుగుతుంది. తేడా ఎక్కడో లోపల ఉండాలి, ఆ లోపలే రోజలిన్‌కి ఇవాళ దొరకడం లేదు. పొద్దుటి నుంచి ఆమె కాలేజీ లైబ్రరీలో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని ఉంది. కూర్చోమన్నారు కాబట్టి కూర్చుంది. ముందున్న పుస్తకంలో ఏదో ఎడారి ఊరి ఫోటో, మట్టి గోడలు, గోడల మీద సగం దూరం పాకి ఆగిపోయిన నీడలు. ఆ నీడల్లోకి వెళ్ళి కూర్చుంటే చల్లగా ఉంటుందనిపించింది. కాసేపు వెళ్ళి కూర్చుంది కూడా.

ఆ పుస్తకం ఈ కాలేజీది కాదు. గదిలో ఉన్న ఏ పుస్తకమూ కాదు. ఆర్కిటెక్చర్ కోర్సుకి గుర్తింపు ఉంచాలో తీసెయ్యాలో తేల్చడానికి ఇన్‌స్పెక్షన్‌కి వస్తున్నారని తెలియగానే, యాజమాన్యం ఎక్కడో దూరంగా ఉన్న తమ ఇంకో కాలేజీ నుంచి వీటిని తెప్పించింది. బెల్లం మార్కెట్‌కి తిరిగే వ్యానులో వచ్చాయి. విద్యార్థులే వరసగా నిలబడి ఒకరి చేతిలోంచి ఒకరు అందుకుని బీరువాలు నింపారు. అట్టలకి బెల్లం వాసన. వాసన వెంట చీమలు. సాయంత్రం వ్యాను మళ్ళీ వస్తుంది.

"ఏటి రోజీ, నిజంగా సదివేత్తన్నావేటి?" పక్క కుర్చీలోంచి గుసగుసగా అడిగాడు ధనరాజ్. నాతవరం నుంచి వచ్చి చదువుకుంటున్న క్లాస్‌మేట్. అతన్నీ పాఠకుడిగానే కూర్చోబెట్టారు.

"తెలీట్లేదు."

"నేనైతే పొద్దున్నించి ఒకటే పేజీ. ఈ బొమ్మలో మేడ మీద నిలబడ్డావిడ నాకేసే సూత్తంది."

"పేజీ తిప్పీ మరి."

"తిప్పితే ఎవరుంటారో ఏటో. ఉన్నావిడే నయం."

"ధనరాజ్, ఆడించాల్సింది కళ్ళు, నోరు కాదు నాయనా," అంది లైబ్రరీ చూసుకునే పుష్పకుమారి మేడమ్, తల ఎత్తకుండా.

రోజలిన్ మళ్ళీ ఎడారి ఊరికి వెళ్ళబోయింది. దారి తప్పింది. కలలో ఒక్కోసారి మన ఇల్లే అనుకుని తిరుగుతాం, గదులు మాత్రం ఎవరివో. మెట్లు ఎక్కితే ఎవరిదో పెరడు వస్తుంది. అయినా ఎవర్నీ అడగం, అడిగితే మెలకువ వచ్చేస్తుందని భయం. ఇలాంటి లైబ్రరీ కావాలని కోరుకుంది తనే. విద్యార్థుల లైబ్రరీ కమిటీ తరఫున ప్రిన్సిపాల్ గది ముందు ఎన్నిసార్లు నిలబడిందో. కోరిక ఎదురుగా వచ్చి కూర్చుంటే మనసు ఎందుకు ముఖం తిప్పుకుంటుంది?

సొంత పుస్తకాలు వెనక గదిలో ఉన్నాయి. అవి కనబడకూడదని ప్రిన్సిపాల్ చెప్పారు. వాటిని లోపలికి మోసిందీ, తలుపుకి గడియ పెట్టిందీ నిన్న తామే. సగానికి పైగా జిరాక్సు కాపీలు, మెయిన్ రోడ్డులో స్పైరల్ వేయించినవి. సీనియర్లు పాసై వెళ్తూ వదిలేసినవి కొన్ని. ఆదివారాలు రైలెక్కి వైజాగ్ వెళ్ళి ఫుట్‌పాత్ మీద ఏరుకొచ్చిన పాత పత్రికలు కొన్ని. ప్లాన్ల మీద, కింది గీతలు కనబడే బటర్ పేపర్ పరిచి పెన్సిల్ నొక్కి దింపుకోవడం అందరికీ అలవాటు. ఆ నొక్కుడికి కింద పేజీ గాట్లు పడిపోయింది. వేలితో తడిమితే, ఎవరు ఏ గోడ దగ్గర తడబడ్డారో, ఏ మెట్టు రెండుసార్లు గీసుకున్నారో తెలిసేది. రోజలిన్ అలా వేలితో చదివిన పేజీలే ఎక్కువ. ఎవరితోనూ పెద్దగా మాట్లాడని ఆమెకి అదొక రకం కబుర్లు.

ఈ కొత్త పేజీ మీద వేలు వేసింది. వేలు జారిపోయింది.

"వాళ్ళు నిన్నే అడుగుతారు," అని ప్రిన్సిపాల్ పొద్దున చెప్పారు. "కమిటీ మెంబర్‌వి. అన్నీ ఉన్నాయి మేడమ్ అను. అంతే చాలు." అన్నీ ఉన్నాయని ఒకసారి కాగితం మీదకి ఎక్కితే ఇంక ఎప్పటికీ కొనరు. ఆ సంగతి పుష్పకుమారి మేడమ్ అంతకు ముందే నిమ్మళంగా చెప్పేసింది. అనకపోతే గుర్తింపు పోవచ్చు. తనదీ, ధనరాజ్‌దీ, అందరిదీ ఇన్నేళ్ళ చదువు ఎందుకూ పనికిరాకుండా పోవచ్చు. రెండు మాటలూ రోజలిన్ గొంతులో పక్కపక్కనే కూర్చున్నాయి, రైల్లో కొత్తవాళ్ళలా, ఒకరినొకరు చూసుకోకుండా.

ఇన్‌స్పెక్షన్ వాళ్ళు వచ్చారు. ముందు నడుస్తున్నది నెరిసిన జుట్టు పెద్దావిడ. వెనక ప్రిన్సిపాల్. ఆవిడ బీరువాల వైపు చూడలేదు, తిన్నగా కిటికీ దగ్గరికి వచ్చి రోజలిన్ ముందున్న పుస్తకం తీసుకుంది. పేజీలు వెలుతురుకి వాల్చి చూసింది.

"ఇంత శుభ్రంగా ఎలా ఉంచుతారమ్మా? మా చిన్నప్పుడు మా లైబ్రరీలో పుస్తకాలు గీతలతో నలిగిపోయి ఉండేవి."

"మా పిల్లలకి క్రమశిక్షణ ఎక్కువండి," అన్నారు ప్రిన్సిపాల్.

"మంచిదే." ఆవిడ ఆయన వైపు తిరగలేదు. "మరి మీరు ప్లాన్లు వేటి నుంచి దింపుకుంటారమ్మా?"

రోజలిన్‌కి ఆ ప్రశ్న చాలా దూరం నుంచి, ఆ మట్టి గోడల అవతల నుంచి వచ్చినట్టుంది. అన్నీ ఉన్నాయి మేడమ్. మాట నాలుక దాకా వచ్చింది. అది తన మాటలా లేదు. వేలి కింద జారిపోయే మాట.

"ఏదోటి సెప్పీ రోజీ," అన్నాడు ధనరాజ్, పెదవులు కదపకుండా.

ఆమె లేచింది. కుర్చీ నేల మీద కీచుమంది. ప్రిన్సిపాల్ "అమ్మాయ్" అన్నారు, మెల్లగా, నవ్వు ముఖం మీద అలాగే ఉంచుకుని. నేల మెత్తగా ఉన్నట్టూ, నిద్రలో నడుస్తున్నట్టూ అనిపించింది కానీ అడుగులు తిన్నగానే పడుతున్నాయి. బీరువాలు దాటింది. పుష్పకుమారి మేడమ్ కుర్చీ కొంచెం పక్కకి జరుపుకుని దారి ఇచ్చింది.

రోజలిన్ వెనక గది తలుపు గడియ తీసింది.