పొంగిన రియాక్టర్

ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఉన్నవాళ్లు: నాయనమ్మ సుబ్బరత్నం, అమ్మ, నాన్న, మణుగూరు నుంచి వచ్చిన మురళీకృష్ణ బాబాయి, మా కంప్యూటర్ ఎత్తుకుపోవడానికి ట్రాలీ ఆటో వేసుకొచ్చిన రవీందర్ బావ, నేను. ధర కోసం ఆగిన పత్తి బస్తాల గదిలో నా రియాక్టర్ కూడా ఉంది. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

రవీందర్ బావ మా మేనత్త కొడుకు. మణుగూరులో జిరాక్స్ షాపు పెట్టాడు. నేను కంప్యూటర్‌లో ఆటలాడుతున్నానని నాన్నకు చెప్పింది ఆయనే. "ఆటలకైతే ఇంట్ల ఎందుకు మామా, నా షాపుల పెట్టుకుంట" అన్నాడు. నాన్న సరేనన్నాడు. ఎవరి ముందైనా నోరు విప్పాలంటే నేను ముందు డైరీలో రాసుకోవాలి. రాసుకునేసరికి వినాల్సినవాళ్లు లేచి వెళ్లిపోతారు. అందుకని ఈసారి చీటీ రాసి నాన్న చొక్కా జేబులో పెట్టాను: "అది ఉత్త ఆట కాదు. బాబాయిని చూడమను."

బాబాయి భారజల కర్మాగారంలో ఆపరేటర్. అణు రియాక్టర్లకు కావలసిన నీళ్లు అక్కడ తయారవుతాయి. నాయనమ్మకు మాత్రం అది ఇప్పటికీ నమ్మకం కుదరని ఉద్యోగం. "పాలల్ల నీళ్లు పోసేటోళ్లను చూసిన. నువ్వు నీళ్లల్ల ఏం పోస్తవురా?" అని వచ్చినప్పుడల్లా అడుగుతుంది.

చీటీ చదివి నాన్న ఒక షరతు పెట్టాడు. "పది నిమిషాలు పేలకుండ నడిస్తే ఇక్కడ్నే ఉంటది. పేలిందా, ఆటో ఎక్కుతది."

ఆ ఆటలో తెర మీద ప్రతి చుక్కా ఒక పదార్థం. నీళ్లు, ఇనుము, ప్లుటోనియం, న్యూట్రాన్లు, అన్నీ చుక్కలే. వేడెక్కితే నీళ్లు ఆవిరవుతాయి, ఆవిరి ఎక్కువైతే గోడలు పగులుతాయి. వాటితో నేను అణుశక్తితో నడిచే మోటారు పంపు కట్టాను. మధ్యలో ప్లుటోనియం పొయ్యి, చుట్టూ నీటి గొట్టాలు, ఆవిరి నెట్టే పిస్టన్లు, స్టార్టర్ డబ్బా, చివర ఆకుపచ్చ చుక్కలతో మా మిరప చేను. చేనుకు ఐదు హెచ్‌పీ చాలు. నా పొయ్యి జిల్లా మొత్తానికి సరిపోతుంది. దాని చరిత్ర డైరీలో ఉంది. మే తొమ్మిది: పేలింది. పది: పేలింది. పదకొండు: కరెంటు లేదు, పేలలేదు. పన్నెండు: పేలింది, మిరప చేను సహా.

అమ్మ తప్ప అందరూ గదిలోకి వచ్చారు. బాబాయి పత్తి బస్తా మీద కూర్చున్నాడు. బావ వైర్లు కట్టే తాడు చేతిలో పట్టుకునే నిలబడ్డాడు. నేను రియాక్టర్ మొదలుపెట్టాను.

"ఇదేంది బిడ్డా?" అన్నాడు బాబాయి.

"పొయ్యి."

"అది?"

"గొట్టం."

"అణు పొయ్యి కట్టిన పిల్ల, నోట్లకెళ్లి మాటలు గూడ చుక్కలు చుక్కలే రాలుస్తది" అన్నాడు బావ.

నాలుగో నిమిషంలో మిరప చేనుకు నీళ్లు పారాయి. బాబాయి మీసం కింద నవ్వాడు. అప్పుడే వంటింట్లోంచి అమ్మ పిలిచింది. "లతా, చాయ్ తీస్కపోయి ఇయ్యి." చాయ్ మాట వినగానే మగవాళ్లు ముగ్గురూ వసారాలోకి నడిచారు. మా ఇంట్లో రియాక్టర్ నడుస్తున్నా సరే, వచ్చినవాళ్లకు చాయ్ ఆడపిల్లే ఇవ్వాలి. గదిలో నాయనమ్మ ఒక్కతే మిగిలింది.

"నాయనమ్మా, ఆ మధ్యల పొయ్యి చూస్కుంట ఉండు. ఎర్రబడి పైకొచ్చిందంటే కీబోర్డు మీద ఈ పొడుగు మీట నొక్కు, ఆట ఆగుతది."

"పాలు చూసినట్టేనా?"

"అవ్, గట్లనే."

నాయనమ్మ అరవై ఏళ్లుగా పాలు చూస్తోంది. ఒక్కసారి కూడా పొంగి పోనివ్వలేదు. నేను నిశ్చింతగా వెళ్లాను.

రెండో గ్లాసు బాబాయి చేతికిస్తుంటే గదిలోంచి "పొంగుతాంది, పొంగుతాంది" అని వినపడింది. పళ్లెంతోనే పరుగెత్తాను. నాయనమ్మ ఎడమ చేతిలో చెంబు ఉంది. మా ఇంట్లో పాలు పొంగొస్తే గిన్నె దించరు, నీళ్లు చల్లుతారు. కుడిచేత్తో ఆమె మూడోసారి చల్లుతోంది. తెర మీంచి నీళ్లు కారి కీబోర్డు నిండింది. పొడుగు మీట నొక్కాను. ఎన్నిసార్లు నొక్కినా ఏదీ ఆగలేదు. పొయ్యి ఎరుపు నుంచి తెలుపుకు తిరిగింది. గోడ పగిలింది, స్టార్టర్ డబ్బా ఎగిరింది, మిరప చేను పోయింది. ఏడు నిమిషాల నలభై సెకన్లు.

"చల్లిన, అణగలే" అంది నాయనమ్మ. "నీ పొయ్యే మంచిగ లేదు."

మగవాళ్లు గుమ్మంలో ఉన్నారు, బాబాయి నవ్వుతున్నాడు. "అయిపాయె గద మామా" అని బావ వైరు చుట్టి తాడు కట్టడం మొదలుపెట్టాడు. నాన్న నా వైపు చూశాడు. డైరీ పక్క గదిలో ఉంది. దాన్ని తెచ్చుకునే సమయం లేదు.

"నాయనమ్మ బయట చల్లింది" అన్నాను. "లోపల చల్లితే ఆగేది."

బాబాయి నవ్వడం ఆపాడు. "లోపల చల్లెటందుకు గొట్టం పెట్టినవా?"

"లేదు."

"ఎందుకు పెట్టలే?"

"ఈసారి పొంగదనుకున్న."

ఆయన గ్లాసు కిందపెట్టి నాన్న వైపు తిరిగాడు. "అన్నా, అమ్మ చేసింది తప్పు గాదు. రియాక్టర్ మరీ కాగితే ఎక్కడైన జేసేది గదే, నీళ్లు వొదులుతరు. గొట్టం లేకపోవుడు ఈమె తప్పు. తప్పు ఏడుందో ఈమెకు తెలిసింది జూడు, గది ఆట గాదు. ఉండనియ్యి. రవీందర్, తాడు విప్పు. నీ ఆటోల కొత్త కీబోర్డు జూసిన, పట్కరా."

"అది షాపు కోసం కొన్న" అన్నాడు బావ.

"షాపుల కంప్యూటర్ లేదు గద" అన్నాడు నాన్న.

కీబోర్డు వచ్చింది. నేను దాచిపెట్టుకున్న పాత రియాక్టర్‌ను తెరిచాను. నా కుర్చీలో బాబాయి కూర్చున్నాడు. పక్కన ముక్కాలి పీట వేసుకుని నాయనమ్మ కూర్చుంది. ఇద్దరూ కలిసి పొయ్యి నెత్తిన నీళ్ల ట్యాంకు గీయడం మొదలుపెట్టారు.

"గక్కడ గాదు బాబాయ్" అన్నాను.

"ఈమె పక్కన నిలబడితే చెయ్యి ఆడుతలేదమ్మా" అన్నాడు బాబాయి.

నాయనమ్మ లేచి, భుజం పట్టుకుని నన్ను గుమ్మం దాటించింది. "పొయ్యి మీద పాలున్నయి, పోయి చూడు. పొంగితే నీళ్లు చల్లు. మీటలు నొక్కకు" అని తలుపేసింది.