నా పేరు మీది బండి

"లోపలికెళ్ళేటప్పుడు ఇంకాస్త కుంటు. మామూలుగా నడిస్తే శాతం తక్కువ వేస్తారు" అన్నాడు మా ఆయన, నా చెవి దగ్గరికి వంగి.

ఆస్పత్రి వరండాలో, వైకల్యం ఎంతుందో తేల్చే డాక్టర్ల గది ముందు కూర్చున్నాం. కుంటడం నాకు రాదని ఆయనకెలా చెప్పను? పసితనంలో జ్వరం తగిలి ఎడమ కాలు సన్నబడిపోయిన దగ్గర్నుంచి మా అమ్మ నాకు నేర్పిన విద్య ఒక్కటే, కుంటకుండా నడవడం. గోడవారగా నడవమనేది. జనంలో ఉంటే ఆగిపొమ్మనేది, నిలబడ్డవాళ్ళ కాళ్ళు ఎవరూ చూడరని. పెళ్ళయ్యాక ఆ విద్యకి మా అత్తగారు మెరుగులు దిద్దింది. ఎవరైనా ఇంటికొస్తే, "కాలు బెణికింది పాపం" అనేది. ఏళ్ళ తరబడి నా కాలు బెణికే ఉంది, ఒక్కరూ ఇదేమిటని అడగలేదు. మా ఆయన బజార్లో ఎప్పుడూ నాకంటే ముందు నడుస్తాడు, వెనకాల వచ్చేది ఎవరో తెలియనట్టు. అలాంటి మనిషి ఆ రోజు జబ్బ పట్టుకుని మరీ నన్ను లోపలికి నడిపించాడు. నలుగురిలో ఆయన నన్ను పట్టుకోవడం అదే మొదటిసారి. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు బాగుంది.

వైకల్యం ఉన్నవాళ్ళ పేరు మీద కారు కొంటే పన్ను మాఫీ అని ఆయనకి ఆఫీసులో ఎవరో చెప్పారు. సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజు అత్తగారు, "ఇన్నాళ్ళకి నీ కాలు ఇంటికి పనికొచ్చిందే" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. రవాణా ఆఫీసు కిటికీలోంచి ఒకాయన నియమాలు చదివి వినిపించాడు. బండి మీ పేరునే ఉండాలి, మీ అవసరాలకే వాడాలి, అద్దెకి తిప్పకూడదు. ప్రతిదానికీ తలూపి సంతకం పెట్టాను. బండి అప్పు కూడా నా పేరునే. నేను బడిలో పనిచేస్తాను, వాయిదా ఆ జీతంలోంచే కోసుకుంటారు.

కొన్న రోజు ముందు సీట్లో కూర్చోబెట్టి ఊరంతా తిప్పాడు. కాలు చాపుకుని కూర్చున్నాను. మర్నాడు పొద్దున బాక్సులు సర్దుకుని నేను బయటికొచ్చేసరికి ఆయనా, మా పాపా బయల్దేరిపోతున్నారు. "మీ బడి వైపు తిరిగెళ్తే నాకు ఆలస్యమవుతుంది. నీకు ఇంటి ముందే బస్సు ఆగుతుంది కదా" అన్నాడు. నిజమే, ఆగుతుంది. ఆ బస్సు మెట్టు నా మోకాలికంటే ఎత్తు. ఎడమ కాలిని చేత్తో, నిండు బిందెను ఎత్తినట్టు ఎత్తి మెట్టు మీద పెట్టుకోవాలి. ఈలోపు వెనకవాళ్ళు ఊరుకోరు, కండక్టరు ఊరుకోడు. సెలవు రోజుల్లో బండి మా మరిది తీసుకెళ్ళేవాడు. ఎవరెవరినో ఎక్కించుకుని ఎక్కడెక్కడికో తిప్పి సాయంత్రానికి తెచ్చి వాకిట్లో పెట్టేవాడు. ఇసుక, చిప్స్ పొట్లాలు, ఒకసారి ఎవరి బిడ్డదో వాంతి. "నీ బండే కదా వదినా" అని బకెట్టు చేతికిచ్చేవాడు. ఇంట్లో అదొక వేళాకోళం అయిపోయింది. నీ బండి మురికిగా ఉంది, నీ బండికి గాలి కొట్టించాలి, నీ బండి నిన్న ఎంత దూరం వెళ్ళిందో తెలుసా.

వానాకాలంలో ఓ రోజు బడి దగ్గర దిగుతూ ఆ బస్సు మెట్టు మీంచి జారి పడ్డాను. బడివాళ్ళు తీసుకొచ్చి స్టాఫ్ రూములో బల్ల మీద పడుకోబెట్టారు. మా ఆయనకి ఫోన్ చేస్తే, ఆ పూట బండి తమ్ముడికిచ్చానని, పక్కన ఎవరైనా ఉంటే కాస్త పట్టుకోమనమని చెప్పి పెట్టేశాడు. డాక్టరు ఎక్స్‌రే తీయించి చూసి, తుంటి కీలు అరిగిపోయింది, ఇంక బస్సులెక్కడం మానెయ్యాలి, లేకపోతే మంచానికే పరిమితమవుతారు అన్నాడు. ఆ మాట ఇంట్లో చెప్పాను. అత్తగారు, "మరి బడి మానేస్తే వాయిదా ఎవరు కడతారు?" అంది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. ముందు ఏది గుర్తొస్తే అదే అడిగింది. అంతే.

మళ్ళీ బస్సే ఎక్కాను. ఒకరోజు కాలు ఎంత ఎత్తినా లేవలేదు. బస్సు వెళ్ళిపోయింది. తర్వాతదీ వెళ్ళిపోయింది. ఇంకోటి దూరంగా వస్తుంటే, ఎక్కడం ఎందుకు, ఒక్కడుగు ముందుకేస్తే చాలు కదా అనిపించింది. పాలు తీసుకెళ్ళాలి అనుకున్నంత మామూలుగా వచ్చిందా ఆలోచన. స్టాపు స్తంభాన్ని కౌగిలించుకుని నిలబడ్డాను. బస్సు ఆగింది, జనం ఎక్కారు, వెళ్ళిపోయింది. నా మొహం వంక ఎవరూ చూడలేదు. నిలబడ్డవాళ్ళ కాళ్ళే కాదు, ఇంకేమీ కూడా ఎవరూ చూడరు.

ఆ వారమే బండి పట్టుబడింది. రైల్వే స్టేషన్‌కి మా మరిది ఎవరో కుటుంబాన్ని తీసుకెళ్తుంటే రవాణావాళ్ళు ఆపారట. వెనక అద్దం మీద చక్రాల కుర్చీ బొమ్మ చూసి, ఇందులో ఆ మనిషి ఎవరని అడిగారట. బండిని ఆఫీసు ఆవరణలో పెట్టేసి, యజమాని వచ్చి చెప్పాలన్నారు. ఆ రాత్రి ఇంట్లో నాకు పాఠం చెప్పారు. బండిలో ఉన్నది మన చుట్టాలు. నిన్ను ఆస్పత్రిలో దింపి వెళ్తున్నారు. నువ్వు ఎక్కువ మాట్లాడకు. అత్తగారు టీ పెట్టి తెచ్చి నా చేతికిచ్చింది. పాప పక్క గదిలో స్నేహితురాలితో ఫోన్లో, "మా అమ్మ వల్ల బండి పోయిందే" అంటోంది. టీ తాగకుండా పక్కన పెట్టేశాను.

రవాణా ఆఫీసులో ఆఫీసరు గది మేడ మీద. మెట్ల కమ్మీ పట్టుకుని ఎక్కేసరికి చెమటలు పోశాయి. మా ఆయన పైన నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. లోపల పెద్దాయన ఒకరు కళ్ళజోడు నుదుటికి ఎత్తుకుని మా కాగితాలు చూస్తున్నాడు. మేం కూర్చోగానే మా ఆయన చుట్టాల కథ మొదలుపెట్టాడు. ఆఫీసరు చెయ్యెత్తి ఆపాడు. "మీరు కాదండీ, ఆవిడ చెప్పాలి. ఆ బండిలో ఆఖరిసారి ఎప్పుడు కూర్చున్నారమ్మా?"

నేర్చుకున్న పాఠమంతా నోట్లో ఉంది. ఆస్పత్రి, చుట్టాలు, అన్నీ. కానీ ఆ ప్రశ్న ఇన్నాళ్ళలో నన్నెవరూ అడగలేదు.

"కూర్చుని చాలా కాలమైందండీ. మొన్న కడిగాను" అన్నాను.

మా ఆయన కుర్చీ కిర్రుమంది. ఆఫీసరు నన్నోసారి చూసి కాగితం మీద ఏదో రాసుకున్నాడు. జాలిపడలేదు, కోప్పడలేదు. జరిమానా వేస్తున్నామని, యజమాని నేను కాబట్టి అది నా పేరునే వస్తుందని చెప్పాడు. ఇలా దొరకడం మొదటిసారి కాబట్టి, ఇకమీదట నా అవసరాలకే వాడతామని రాసిస్తే మాఫీ ఉంటుందని, లేకపోతే పన్నంతా కట్టాల్సిందేనని అన్నాడు. "బండి ఎవరు నడుపుతారో అందులో రాయాలి. ఎవరు?"

"నేనే సార్" అన్నాడు మా ఆయన. "తనకి ఎడమ కాలు పనిచెయ్యదు."

ఆఫీసరు కళ్ళజోడు దించుకుని కాగితం మళ్ళీ చూశాడు. "ఇది ఆటోమేటిక్ బండి కదండీ. క్లచ్ ఉండదు. దీనికి ఎడమ కాలితో పనేముంది? ఆవిడ నడుపుకుంటారనే కదా ఈ రకం తీసుకుంది?"

బండి కొన్న కొత్తలో ఒకసారి అడిగాను, నేను నేర్చుకోనా అని. గడ్డం గీసుకుంటున్నవాడు ఆపి మరీ నవ్వాడు. "ఆ కాలితోనా? ఉన్న రెండోది కూడా పోగొట్టుకుంటావు" అన్నాడు. నేనూ నిజమేననుకున్నాను. రోజూ డ్రైవరు సీట్లో ఎడమ కాలు ఊరికే పక్కన పెట్టుకుని ఆఫీసుకెళ్ళి వచ్చిన మనిషి ఆయన.

"మీకు తెలుసు కదా" అన్నాను మా ఆయనతో. ఇంట్లో ఉప్పెక్కడుందో అడిగినంత మెల్లగా అడిగాను. ఆయన కిటికీ వైపు చూశాడు. కింద ఆవరణలో దుమ్ము కొట్టుకుపోయి కనబడుతోంది, నా బండి. ఇంటికెళ్ళాక ఏం జరుగుతుందో నాకు తెలుసు. జరిమానా నేనే కట్టాలి, బస్సు నేనే ఎక్కాలి, టీ ఇంకెవరూ పెట్టివ్వరు, పాప ఎన్నాళ్ళు మాట్లాడదో తెలియదు. ఇవన్నీ తెలిసి కూడా తాళం కోసం చెయ్యి చాపాను. మా ఆయన తాళం చెవి చేతిలో పెట్టలేదు, టేబుల్ మీదకి విసిరాడు. అది జారి ఆఫీసరు కాగితాల దగ్గర ఆగింది.

"ఎవరి పేరు రాయమంటారమ్మా?" అన్నాడు ఆఫీసరు.

"నా పేరే రాయండి సార్" అన్నాను. "నేను నేర్చుకునేదాకా బండి మీ దగ్గరే ఉంచుకుంటారా?"