ఒకే అంకె చూపిన రెండు బ్యాడ్జీలు

రెండు బ్యాడ్జీలూ ఒకే అంకె చూపించాయి. ఒకటి మెర్రిన్ భర్త డార్సీది. రెండోది అతనితో పొలం తిరిగే టాలియాది.

బ్యాడ్జిలోని స్ఫటికాన్ని యంత్రంలో వేడి చేస్తే, నెలంతా అది దాచుకున్న రేడియేషన్ సన్నని వెలుగై బయటికొస్తుంది. ఆ వెలుగును కొలిచి మనిషికి ఎంత తగిలిందో చెప్పడం మెర్రిన్ పని. ఒకసారి వేడెక్కాక స్ఫటికం ఖాళీ అయిపోతుంది. మళ్ళీ అడిగితే ఏమీ చెప్పదు.

పత్తి చేలలో నేలలోపలి తేమ చూడటానికి ఆ ఇద్దరూ ప్రోబ్ అనే పరికరాన్ని పెట్టెలో తీసుకెళ్తారు. పాతిపెట్టిన గొట్టంలోకి న్యూట్రాన్లు వెదజల్లే గుండును దించుతారు. పెట్టె మోసేవాళ్ళకు ఎక్కువ తగులుతుంది, పక్కన నిలబడి అంకెలు రాసుకునేవాళ్ళకు తక్కువ. ఇద్దరికీ సమానంగా రావడం మెర్రిన్ ఎన్నడూ చూడలేదు. పోనీ, బ్యాడ్జీలు బండిలో వదిలేశారా అంటే అదీ కాదు. ఒంట్లోని నీటికి తగిలి, నెమ్మదించి, వెనక్కి తిరిగొచ్చే న్యూట్రాన్లనే ఈ స్ఫటికం బాగా పట్టుకుంటుంది. అంకె ఇంత వచ్చిందంటే రెండూ ఒంటిని అంటిపెట్టుకునే ఉన్నాయి.

అయితే రెండు ఒళ్ళూ ఒక్కచోటే ఉన్నాయన్నమాట.

ఆ ఊహ రాగానే ఆమెకు బాధ కలగలేదు. చాలాకాలంగా వెతుకుతున్న వస్తువు చేతికి తగిలినట్టు ఒకరకమైన నిమ్మళం కలిగింది. ఒకప్పుడు ఆ బండిలో డార్సీ పక్క సీటు తనది. కడుపుతో ఉన్నానని చెప్పాక ఆమెను బ్యాడ్జీలు కొలిచే ఈ చల్లని గదిలో కూర్చోబెట్టారు. బిడ్డ నిలవలేదు. ఆమె మాత్రం గదిలోనే నిలిచిపోయింది.

టీ వేళకు షెడ్డులోకి వెళ్తే మెకానిక్ బర్ట్ పలకరించాడు.

"ఏంటి మెర్, మొహం మాడ్చుకున్నావ్? మీ ఆయన ఆ పిల్లని కందిపోకుండా తిప్పుతున్నాడట. పెట్టె కూడా తనే మోస్తున్నాడట!"

"నీ టీలో ఈగ పడింది, అది చూసుకో."

"పడనీ. నన్ను వెతుక్కుంటూ వచ్చే ఆడది అదొక్కటే."

ఇంతలో బండి వచ్చింది. డార్సీ టోపీ దులుపుకుంటూ దిగాడు. మెర్రిన్ అతన్ని నీళ్ళ ట్యాంకు వెనక్కి తీసుకెళ్ళింది.

"ఆ పిల్లతో ఎన్నాళ్ళనుంచి?"

"ఏది ఎన్నాళ్ళనుంచి?"

"ఇద్దరి బ్యాడ్జీలూ ఒక్కలా ఉన్నాయి. ఒంటికి ఒళ్ళు ఆనిస్తే తప్ప అలా రావు."

డార్సీ పకపకా నవ్వాడు. "ఆ ఎండలోనా? ఆ ఈగల్లోనా? నీకేమైనా పిచ్చా, మెర్?" అంతలోనే నవ్వు ఆపి, గొంతు తగ్గించాడు. "రెండూ నా జేబుకే పెట్టుకున్నాను."

"ఎందుకు?"

"దానికి నాలుగో నెల. మొగుడు జిన్నింగ్ మిల్లులో చేస్తాడుగా. చెబితే పొలం మాన్పిస్తారని ఒకటే ఏడుపు. గట్టు మీద దూరంగా ఉండు, నేను మోస్తాలే అన్నాను. దాని బ్యాడ్జి ఖాళీగా వస్తే నువ్వు పట్టేస్తావుగా, అందుకని."

ఇప్పుడు ఊరట కలగాలి. ఆమె దానికోసం ఎదురుచూసింది. అది రాలేదు. పాత అనుమానం లేచి వెళ్ళిన చోట మరేదో వచ్చి, ఇంకా స్థిమితంగా కూర్చుంది.

"నేను మోస్తాలే అని నాకప్పుడు ఎందుకు అనలేదు?"

డార్సీ బూటుకంటిన మట్టిని ట్యాంకు అంచుకి రాశాడు. "నీ బిడ్డంటే నా బిడ్డ కదా. భయమేసింది. గదిలో ఉంటే చాలనిపించింది. ఈ పిల్ల బిడ్డ నాకేమవుతాడు?"

ఆ మాటలో ప్రేమ ఉందని ఆమెకు తెలిసింది. తెలిసీ పక్కన పెట్టేసింది.

టాలియాను గదిలోకి పిలిచింది.

"ఈ అంకె నీది కాదు. నీ కడుపులో బిడ్డకి ఎంత తగిలిందో ఇక ఎవరూ చెప్పలేరు."

"పైవాళ్ళకి చెప్పకండి. ఒకసారి గదిలో పెడితే ఇంక బయటికి పంపరు. మీకు తెలియదా?"

మెర్రిన్‌కు తెలుసు. "చెప్పాలి. చెప్తాను కూడా. రేపట్నుంచి నువ్వు ఇక్కడ కూర్చో, ఈ సాయంత్రమే యంత్రం నేర్పిస్తాను. నీ బదులు నేను వెళ్తాను. బిడ్డ పుట్టాక నీ సీటు నీకే."

టాలియా ఆమెను కావలించుకుంది. "మీది ఎంత మంచి మనసు!"

ఆ భుజం మీదుగా మెర్రిన్ కిటికీలోంచి బండికేసి చూస్తూ ఉండిపోయింది.

మర్నాడు పొద్దున బండెక్కితే సీటు బాగా ముందుకు జరిపి ఉంది. టాలియా పొట్టిది. మెర్రిన్ కిందనున్న మీట లాగి, సీటును తన కాళ్ళకు సరిపడా వెనక్కి నెట్టింది. చేను చేరాక కొత్త బ్యాడ్జి ఛాతీకి పెట్టుకుని, పెట్టె కోసం చెయ్యి చాచింది.

"గట్టు మీద ఉండు మెర్," అన్నాడు డార్సీ. "నేను మోస్తాలే."

ఇన్నేళ్ళూ ఆమె వినాలనుకున్న మాట అదే. అతను పెట్టె భుజానికెత్తుకుని పత్తి సాళ్ళలోకి నడిచాడు. టాలియాతోనూ ఇదే గొంతుతో అన్నాడా, లేక ఇంకాస్త మెత్తగానా? మెర్రిన్ గట్టు మీద నిలబడి, ఆ నాలుగు మాటలనే మళ్ళీ మళ్ళీ అనుకుని చూసుకుంటోంది. మొదటి అంకె రాసుకోమని అతను రెండుసార్లు కేకేశాడు. ఆమెకు వినపడలేదు.