కోట్లు తొడిగిన స్నానం

తెల్లెర్వో ఇంట్లో బట్టల్లేని ఆడవాళ్ళ వ్యాపారం నడుస్తోందట, కంపెనీవాళ్ళు రెండుసార్లు హెచ్చరించారట అని ఫిన్లాండులోని ఆ ఊరి దుకాణంలో కాఫీ తాగుతూ కెర్త్తు చెప్పిందని అందరూ చెప్పుకున్నారు. ఆ బట్టల్లేనివాళ్ళలో ఎడమ నుంచి మూడో ఆవిడ తానేనన్న సంగతి మాత్రం కెర్త్తు చెప్పలేదు.

జరిగింది ఇదీ. ఊరి ఆడవాళ్ళు కలిసి ఆవిరిస్నానం చేసే సౌనా సంఘానికి యాభై ఏళ్ళు నిండాయని తెల్లెర్వో ఒక బొమ్మ వేసింది. ఆవిరిగదిలో బల్లల మీద ఏడుగురు, రోజూ ఎలా కూర్చుంటారో అలాగే, ఒంటిమీద నూలుపోగు లేకుండా. పదకొండేళ్ళుగా తన బొమ్మలు అమ్ముకుంటున్న ఆన్‌లైన్ చిత్రశాలలో దాన్నీ పెట్టింది. గంట తిరక్కుండా ఆ చిత్రశాల కంపెనీవాళ్ళు తీసేశారు. నగ్నత్వం నిషిద్ధమట. ఏది నగ్నత్వం, ఏది కళ అని అడిగితే తొమ్మిది పేజీల వివరణ పంపారు. చదివి చదివి ఆమెకు తేలిందేమిటంటే, దాచవలసినవి దాస్తే చాలు.

సరేనని ఏడుగురి చేతుల్లోనూ గుబురుగా బిర్చ్ చెట్టు కొమ్మల కట్టలు పెట్టింది. ఆవిరిలో వాటితో ఒళ్ళు బాదుకోకపోతే అది స్నానమే కాదు. ఈసారి హింస అన్నారు. వయసు మళ్ళినవారిని కొమ్మలతో కొడుతున్నట్టు కనబడుతోందట. మూడో తప్పుకి చిత్రశాలలో ఆమె దుకాణం మూతేనని కింద ఎర్రక్షరాల్లో రాశారు. మూడొందల బొమ్మలు, పదకొండేళ్ళుగా కూడగట్టుకున్న బేరగాళ్ళు, ఆమె తిండీ గుడ్డా అంతా అందులోనే ఉంది.

తెల్లెర్వోకి ఒళ్ళు మండింది. కుంచె తీసి ఏడుగురికీ మెడదాకా ఉన్ని కోట్లు తొడిగింది. టోపీలు పెట్టింది. అందరికన్నా పెద్దావిడ ఐలి అవ్వకైతే చేతితొడుగులు కూడా. నిమిషంలో అనుమతి వచ్చింది, ఇంటిల్లిపాదీ చూడదగినదన్న మెచ్చుకోలుతో సహా.

ఊళ్ళో ఆడవాళ్ళు భగ్గుమన్నారు. ఆవిరిగదిలో కోట్లా, ఛీ. కంపెనీకి బుద్ధి చెబుదామని సంఘమంతా ఫోన్లు తీసి, బొమ్మ కింద ఫిర్యాదు మీట నొక్కి, ‘అసభ్యం’ అన్న గడి ఎంచింది. పద్నాలుగు ఫిర్యాదులు. అవి కంపెనీ మీద కాక తెల్లెర్వో నెత్తిన పడతాయని ఒక్కరికీ తట్టలేదు.

"నన్ను ముంచింది మీరేనే" అంది తెల్లెర్వో.

"నీకోసమేగా నొక్కాం. నేనైతే రెండుసార్లు నొక్కాను" అంది కెర్త్తు.

కంపెనీ ఏ దేశానిదో గాని, మర్నాడు విచారణకని వీడియో కాల్‌లో మాట్లాడిన నిబంధనల అధికారి ఓత్సో మాత్రం ఫిన్లాండువాడే, ఆ పక్క ఊరివాడే. తెల్లెర్వో వంటింట్లోకి సంఘమంతా యాలకుల బన్నులతో దిగింది. అతను కోటూ టై బిగించుకుని కూర్చున్నాడు. ఫిర్యాదులు నిలబడితే సాయంత్రానికల్లా దుకాణం మూయక తప్పదన్నాడు. తప్పు తమ నిబంధనదేనని ఎవరైనా నచ్చజెబితే మొదటి బొమ్మనే తిరిగి పెట్టిస్తానన్నాడు. అతని కోటు చూసి నవ్వు ఆపుకోలేక ఇద్దరు బల్ల కిందికి దూరారు. తెల్లెర్వో మాత్రం బన్ను ముట్టలేదు.

"పైనుంచి కిందిదాకా బట్టలే కదమ్మా. ఇందులో అసభ్యమేముంది?" అన్నాడు ఓత్సో.

ఎనభై ఆరేళ్ళ ఐలి అవ్వ కాఫీ కప్పు పక్కన పెట్టి తెరకేసి వంగింది.

"కోట్లే, నాయనా. ఆడవాళ్ళు స్నానం చేసే గదిలో కోటు వేసుకుని కూర్చున్నవాణ్ని నా జన్మలో ఒక్కణ్నే చూశాను. వాడు స్నానానికి రాలేదు."