పందొమ్మిది జతల చేతులు

బొమ్మల ప్రదర్శనలకు వెళ్లి, బాగున్నవాటిని బాగాలేవనీ, బాగాలేనివాటిని అస్సలు బాగాలేవనీ రాయడం నా ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా ఒకే వారపత్రిక, ఒకే పేజీ. గ్యాలరీల వాళ్లు నా వెనకాల నన్ను గుండుసూది అంటారు. అది తెలిసి లోలోపల మురిసిపోయేవాణ్ని.

నా పద్ధతి ఒకటుంది, ఎవరికీ చెప్పలేదు. ముందు గోడమీద అంటించిన చీటీ చదువుతాను, తర్వాత బొమ్మ చూస్తాను. చీటీకి ఎంతసేపు పడితే బొమ్మకూ దాదాపు అంతే. నాతోటి వాళ్లలో చాలామంది చేసేదీ అదే. బయటికి చెప్పుకోం.

అక్క ప్రదర్శన పెడుతోందని తెలిసినప్పుడు నవ్వొచ్చింది. ముప్ఫై ఏళ్లు బడిలో డ్రాయింగ్ టీచరుగా చేసి, రిటైరై, బావ కూడా పోయాక, అరవై ఏడో ఏట మొదటి ప్రదర్శన. బంధువుల గురించి రాయకూడదని నాకొక నియమం ఉండేది. అక్క బొమ్మలు చూడకుండా తప్పించుకోవడానికి అది బాగా పనికొచ్చింది. ఈసారి ఎడిటర్ వదల్లేదు. ఆవిడ నాకేమవుతుందో ఆయనకు తెలియదు, నేను చెప్పనూ లేదు.

ఫోన్ చేస్తే అక్క ఒక్కటే అడిగింది.

"గోడ మీదున్నది రాయకురా. నువ్వు చూడు, నీకేం కనిపిస్తే అది రాయి. తిట్టినా సరే."

"నేనంటే అంత భయమా?" అన్నాను.

"నువ్వు చూడాలనే పెట్టాను," అంది.

బొమ్మలు వేసేవాళ్లంతా అనే మాటేలే అనుకున్నాను.

ప్రారంభానికి ముందు రోజు ఉదయం వెళ్లాను. రెండు గదులు, కొత్తగా రంగు వేసిన తెల్ల గోడలు. ఎవరో నిచ్చెనెక్కి లైట్లు తిప్పుతున్నారు. పందొమ్మిది బొమ్మలు, అన్నిట్లోనూ చేతులే. మొహాలు లేవు. మణికట్టు దాటాక కాగితం అయిపోతుంది. నల్లటి గోళ్లున్న చేతులు, చొక్కా గుండీతో తంటాలు పడుతున్న చేతులు, గ్లాసును రెండు వైపులా గట్టిగా పట్టుకున్న చేతులు, దుప్పటి మీద ఊరికే ఉన్న చేతులు. ప్రదర్శన ఏర్పాట్లు చూసే క్యూరేటర్ నాకు టీ ఇప్పించి, అచ్చు వేసిన కాగితం ఒకటి చేతిలో పెట్టాడు.

"ఎవరి చేతులండీ అని అడిగితే, పని చేసిన చేతులు అన్నారావిడ. అంతే, నాకు దారి దొరికింది సార్. పందొమ్మిది మంది శ్రామికులు. ముదురు రంగులు ఈ గదిలో పెట్టాను, లేతవి ఆ గదిలో."

"ఆవిడ ఇచ్చిన వరస కాదా ఇది?"

"బొమ్మల వెనకాల ఏవో తేదీలున్నాయి సార్. ఫ్రేములు కట్టాక కనపడవుగా. ఆ వరసలో పెడితే కంటికి ఇంపుగా ఉండదు."

ప్రతి బొమ్మ కిందా ఒక పేరు తగిలించాడు. బొగ్గు కార్మికుడు, దర్జీ, రొట్టెలు కాల్చేవాడు, నిద్రపోతున్న కాపలాదారు. నేను కాగితం చదివాను, చీటీలు చదివాను, టీ తాగాను.

సాయంత్రానికల్లా రాసిచ్చేశాను. అద్దాల మీద లైట్లు కొడుతున్నాయనీ, బొమ్మల్ని ఉండాల్సినదానికంటే బెత్తెడు ఎత్తులో వేలాడదీశారనీ క్యూరేటర్‌ను నాలుగు వాయించాను. వరసను మాత్రం మెచ్చుకున్నాను. బొగ్గు కార్మికుడి గోళ్ల మీద ఏకంగా ఒక పేరా రాశాను. గనిలోని చీకటి పైకొచ్చాక కూడా ఆ వేళ్లను వదల్లేదన్నాను. ఆ వాక్యం నాకు తెగ నచ్చి, రెండుసార్లు పైకి చదువుకున్నాను.

పత్రిక వచ్చిన రెండు రోజులకు నేనే అక్క ఇంటికి పట్టుకెళ్లాను. కళ్లజోడు పెట్టుకుని, టేబుల్ మీద పరుచుకుని, మొదటి నుంచి చదివింది. బొగ్గు దగ్గరకొచ్చేసరికి ఆమె వేలు ఆగింది.

"ఇది బొగ్గు కాదురా. ప్రెస్సు సిరా."

నాకు ఎక్కలేదు.

"అన్నీ మీ బావ చేతులే. ఏడాదికొకటి చొప్పున పందొమ్మిదేళ్లు వేశాను."

బావ అచ్చాఫీసులో అక్షరాలు కూర్చేవాడు. అమ్మానాన్నా పోయి నా తొమ్మిదో ఏట నేను వాళ్లింటికి చేరితే, చెయ్యి పట్టుకుని రాయించినవాడు ఆయనే. నేను రాసిన మొదటి వ్యాసం దిద్దిందీ, ఈ పత్రికలో నాకు ఉద్యోగం అడిగిందీ ఆయనే. తర్వాత ఆయనకు చేతులు వణకడం మొదలైంది. ఎనిమిదేళ్లు వణికాయి. ఆ ఎనిమిదేళ్లలో నేను వెళ్లింది రెండుసార్లు. ప్రదర్శనలు ఎక్కువయ్యాయని చెప్పేవాణ్ని, నిజంగానే ఎక్కువగా ఉండేవి.

"పత్రికలో పనిచేసేవాడివి, సిరా కూడా పోల్చుకోలేకపోయావేంట్రా," అంది. కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడలేదు.

"ఆ క్యూరేటర్‌కి ముందే చెప్పొచ్చు కదా?"

"చెప్తే గోడ మీద రాసి పెట్టేవాడు. నువ్వది చదివి రాసేవాడివి."

సిగ్గుతో చచ్చిపోయాను. పేపరు మడిచి జేబులో పెట్టుకుని తిన్నగా గ్యాలరీకి వెళ్లాను. గుమ్మం పక్కనే నా వ్యాసం, మనిషెత్తున, నా పేరుతో సహా గోడంతా పరిచి ఉంది. జనం దాని ముందు ఆగి, చదివి, లోపలికెళ్లి అటూ ఇటూ చూసి వచ్చేస్తున్నారు.

"మీరు రాశాక జనం పెరిగారు సార్," అన్నాడు క్యూరేటర్.

అవన్నీ ఒక్క మనిషి చేతులేననీ, చీటీలు తీసేసి తేదీల వరసలో పెట్టమనీ చెప్పాను.

"నేను చూసినా పందొమ్మిది మందే కనిపించారు, మీరు చూసినా పందొమ్మిది మందే. నాది గోడ మీది చీటీ, పీకేస్తే పోతుంది. మీది అచ్చయింది. ముందు మీరు తప్పు రాశానని రాయండి సార్, మర్నాడే మార్చేస్తాను."

చూద్దాం అన్నాను. తనను పెంచిన మనిషి చేతుల్ని పోల్చుకోలేనివాడు ఇరవై రెండేళ్లుగా ఊరందరి బొమ్మలకూ తీర్పు చెప్పాడని, ఏ మొహం పెట్టుకుని రాయను? వారం గడిచింది. రాయలేదు.

ఆఖరి రోజు మళ్లీ వెళ్లాను. రెండో గదిలో, దుప్పటి మీది చేతుల బొమ్మ ముందు బెంచీ మీద అక్క కూర్చుని ఉంది. ఆ దుప్పటిని అప్పుడు గుర్తుపట్టాను. నేను రెండోసారి వెళ్లిన రోజున బావ మీద కప్పి ఉన్నది అదే. ఆ రోజు బావ నిద్రపోవడం లేదు. చుట్టూ అందరం ఏడుస్తున్నాం.

అక్క పక్కన కూర్చున్న ఒకావిడ అచ్చు కాగితం చూసి ఓపిగ్గా చెబుతోంది.

"ఈయన కాపలాదారండీ. డ్యూటీ దిగి పడుకున్నాడు. బయట గోడ మీద భలే రాశారు, చదివారా?"

"చదివాను," అంది అక్క. "ఎవరికి కాపలా కాశాడో మాత్రం రాయలేదు."

ఆవిడ కాగితం తిరగేసి చూసింది. "అవునండీ, అది లేదు."

అప్పుడు అక్క తలెత్తి నన్ను చూసింది. ఆవిడ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "మీవాళ్లా అండీ?" అని అడిగింది.

"కాదండీ," అంది అక్క. "ఆయన రివ్యూలు రాస్తారు."