ఇరవై ఎనిమిదో సూది

"మన వార్డులో ఇరవై ఏడుగురు వేయించుకున్నారు. ఒక్కరే మిగిలారు. పేరు నేను చెప్పను, సిగ్గుంటే వాళ్ళకే తెలుస్తుంది."

బియ్యం కడుగుతుంటే ఫోన్లో ఈ మెసేజీ వచ్చింది. మా హెడ్ నర్సు సొక్ మేడమ్ వార్డు గ్రూపులో పెట్టింది. పేరు చెప్పకపోయినా అది నేనేనని అందరికీ తెలుసు. రెండు నిమిషాల్లో కింద బొమ్మలు మొదలయ్యాయి. ఒకరు ఏడుపు మొహం పెట్టారు, ఒకరు గడియారం, కొత్తగా చేరిన పిల్ల ఒకతి పరిగెత్తే కుందేలు పెట్టింది. తడిచేతులు తుడుచుకుని "రేపు తప్పకుండా మేడమ్" అని రాశాను. ఈలోగా కుక్కర్ ఆవిరి మొహానికి కొట్టింది. అన్నం వాసన ఈమధ్య నాకు పడటం లేదు. సింకు మీదికి వంగి కక్కుతుంటే హాల్లోంచి మా ఆయన సంగూ గొంతు వినబడింది. "ఇంకా ఎంతసేపు? సూపు చల్లారిపోతోంది."

ఏటా అక్టోబరు వస్తే మా ఆసుపత్రిలో ఇదే గోల. ఫ్లూ సూది వేయించుకున్న వాళ్ళ గుర్తింపు కార్డు మీద ఎర్ర స్టిక్కరు అంటిస్తారు. లిఫ్టు పక్కన పెద్ద పట్టిక పెట్టి ఏ వార్డులో నూటికి ఎంతమంది అయ్యారో రోజూ రంగులు పూస్తారు. వచ్చిన రోగుల బంధువులు కూడా నిలబడి చదువుతారు. మేము తొంభై ఆరు దగ్గర ఆగిపోయాం. శుక్రవారం అయిదింటికి వంద అయిన వార్డుకి డైరెక్టరు స్వయంగా కేకు తెస్తాడు, ఫొటో దిగుతాడు. మా నేల తుడిచే ఆవిడ ఒకరోజు నన్నడిగింది, "మాకెప్పుడు వేస్తారమ్మా?" అని. "మీది వేరే కంపెనీ కదా, మీరు లెక్కలోకి రారు" అన్నాను. ఆవిడ ఆ మధ్యాహ్నమే ఫ్లూ రోగి వాంతి ఎత్తింది. నేను చెప్పిన జవాబులో తప్పేమీ నాకప్పుడు కనబడలేదు.

సూదంటే నాకేం భయం లేదు. పన్నెండేళ్ళుగా ఊళ్ళోవాళ్ళందరికీ పొడుస్తున్న దాన్ని. కడుపుతో ఉన్నవాళ్ళకి ఈ సూది ఇంకా ముఖ్యమని ఎంతమందికి నచ్చజెప్పానో లెక్కలేదు. చిక్కంతా సూదికి ముందు నింపాల్సిన కాగితంతో. అందులో ఆరో ప్రశ్న, మీరు ప్రస్తుతం గర్భవతా? అవును, లేదు. రెండు గడులు.

నాకు పదకొండో వారం.

మా వార్డులో గర్భానికి వరస ఉంది. ఎక్కడా రాసి ఉండదు. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే ఎవరో ఒక అక్క టీ గదిలోకి పిలిచి చెవిలో వేస్తుంది. ఏడాదికి ఒక్కరు. పెద్దవాళ్ళు ముందు, చిన్నవాళ్ళు తరవాత. ఎందుకంటే కడుపుతో ఉన్నవాళ్ళకి రాత్రి డ్యూటీ వేయకూడదని చట్టం ఉంది, వాళ్ళ బదులు ఇంకో మనిషిని ఇవ్వాలని మాత్రం ఆసుపత్రికి ఎవరూ చెప్పలేదు. వాళ్ళ రాత్రులు మా నెత్తి మీదే పడతాయి. అందుకని మేమే ఒకరి గర్భానికి ఇంకొకరం కాపలా కాసుకుంటాం. ఈ ఏడు వరస ఉన్‌సిల్ అక్కది. ఆమెకి నలభై ఒకటి. ఐవీఎఫ్ రెండుసార్లు పోయింది, మూడోసారికి సిద్ధమవుతోంది. టీ గదిలో తలుపు వేసుకుని పొట్టకి తనే సూది పొడుచుకుంటుంది. నా వంతు వచ్చే ఏడాది కూడా కాదు, ఆ పై ఏడాది. కొరియా మొత్తంలో ఎన్ని వార్డులు ఇలా ఉన్నాయో నాకు తెలియదు, డేజన్‌లో నేను పనిచేసిన మూడూ ఇంతే.

ఇదంతా మా అత్తగారికి ఎలా చెప్పను? పెళ్ళయిన ఆరేళ్ళలో ఆవిడ ప్రతి పండక్కీ నా పొట్ట వంక చూసి, "మా ఇంటి పిల్లి కూడా మూడుసార్లు ఈనింది" అనేది, నలుగురిలో, నవ్వుతూ. నేను నవ్వి గిన్నెలు తోమేదాన్ని. నా వంతు ఇంకా రాలేదత్తయ్యా అంటే పిచ్చిదాన్నంటుంది. మొన్న ఆగస్టులో కడుపు చెడి మూడు రోజులు గర్భం రాకుండా వేసుకునే మాత్ర నిలవలేదు, ఆ మూడు రోజుల ఫలితం ఇది. కబురు తెలిసిన దగ్గర్నించీ అత్తగారి గొంతే మారిపోయింది. "ఇప్పుడు నువ్వు ఒట్టి నువ్వు కాదమ్మాయ్, నా మనవణ్ణి మోస్తున్నావు. బాతు మాంసం ముట్టకు, బిడ్డ వేళ్ళు అతుక్కుపోతాయి. ఆ సూదీ గీదీ దగ్గరికి రానివ్వకు. ఏదైనా అయితే పూచీ నీదే." ఒట్టి నేనుగా ఉన్న ఆరేళ్ళూ ఆవిడ నాకు ఒక్కసారి కూడా ఫోన్ చెయ్యలేదు.

ఆ రాత్రి అన్నాల దగ్గర సంగూకి మొత్తం చెప్పాను. అతను నమిలి, మింగి, చాలా తేలిగ్గా అన్నాడు.

"ఇందులో ఏముందోయ్? అమ్మకి వేయించుకోలేదని చెప్పు. మీ మేడమ్‌కి కడుపుతో లేనని రాసివ్వు. ఎవరికి కావలసిన జవాబు వాళ్ళకిచ్చేస్తే గొడవే ఉండదు."

"మరి రాత్రి డ్యూటీలు?"

"ఇంకా పొట్ట కనబడట్లేదు కదా. నువ్వు ప్రతిదీ పెద్దది చేస్తావు. కొంచెం కిమ్చీ వెయ్యి."

వేశాను. తన తెలివికి తనే మెచ్చుకుంటున్నట్టు తలాడిస్తూ తిన్నాడు. అతనికి నా మీద కోపం లేదు, ప్రేమ కూడా ఉందనే అనుకుంటాను. నా ఒంటి గురించి ఇన్ని అబద్ధాలు ఇంత సులువుగా పంచగలగడమే నా ఒళ్ళు మండించింది. లేచి గిన్నెలు కడిగాను.

శుక్రవారం మధ్యాహ్నం కాగితం నింపాను. అన్నీ నింపి ఆరోది వదిలేశాను. కాగితాలు ముందు సొక్ మేడమ్ చూసి సంతకం పెట్టాలి. ఆమె కళ్ళజోడు సర్దుకుని చదివి, తల ఎత్తి నా మొహం చూసింది. ఒక్క క్షణం. ముగ్గురు పిల్లల తల్లి, ముప్ఫై ఏళ్ళ సర్వీసు, ఆమెకి అంతకన్నా అక్కర్లేదు.

"ఆరోది వదిలావేం?"

నేను బల్ల మీది కలం వంక చూశాను.

"ఖాళీగా ఉంటే వాళ్ళు తీసుకోరు" అని, తన కలంతో 'లేదు' గడిలో గీత పెట్టింది. సంతకం పెట్టి నా చేతికిచ్చింది. "చూడు, ఎంత తేలికో. నువ్వు తెలివైనదానివి యున్‌జూ, వార్డుకి చెడ్డపేరు తేవు. ఉన్‌సిల్, దీన్ని నువ్వే దగ్గరుండి తీసుకెళ్ళు. మళ్ళీ మధ్యలో మాయమవుతుంది."

ఖైదీ వెంట పోలీసులా ఉన్‌సిల్ అక్క నా వెనక నడిచింది. లిఫ్టులో మేమిద్దరమే ఉన్నాం. తలుపులు మూసుకున్నాక, ఎదురుగా చూస్తూనే అడిగింది.

"ఎన్నో వారం?"

"ఏం వారం అక్కా?"

"నా దగ్గర నటించకు. మిక్స్ కాఫీ లేకపోతే కళ్ళు తెరవని దానివి, మూడు వారాలుగా బార్లీ నీళ్ళు తాగుతున్నావు. ఏడాదిగా నేను ఆడవాళ్ళ మొహాలు చూడటం మానేశాను, పొట్టలే చూస్తున్నాను. నాకు తెలీదనుకున్నావా?"

"పదకొండు."

"నా వరసలో." లిఫ్టు దిగి కారిడార్‌లో సగం నడిచాక నా మోచెయ్యి పట్టుకుని గోడవైపు లాగింది. "నేను రోజూ పొడుచుకుంటే రానిది, నీకు వద్దనుకున్నా వచ్చింది. సరే. నీ అదృష్టం, ఏడవను. కానీ అక్కడ నోరు జారకు. నీ ఆరు రాత్రులూ నా మీదే పడతాయి, డ్యూటీ పట్టిక చూశాను. పద్దెనిమిదిన నాకు పిండం పెడతారు. ఇదే ఆఖరుసారి, ఇంక డబ్బు తగలెయ్యనని మా ఆయన తేల్చేశాడు. లేదనే ఉంచు. నీకు పోయేదేముంది? ఎలా పెట్టినా సూది అదే కదా!"

ఆ మాట నాది. కిందటేడు అచ్చంగా అదే మాట నేను ఇంకొకతికి చెప్పాను.

హెరిన్ అని, అప్పటికి ఇరవై ఏడేళ్ళ పిల్ల. కిందటి అక్టోబరులో వార్డు కాగితాల పని నాదే. ఆమె ఆరో ప్రశ్న దగ్గర కలం ఆపి నా వంక చూసింది. వరసలో ఆమెది ఎనిమిదో స్థానం. నాకు అర్థమైంది, కోపం వచ్చింది. మేమంతా మాత్రలు మింగుతూ కూర్చుంటే ఈ నిన్నటి పిల్లకి తొందరేమిటని. "లేదు పెట్టు, సూది అదే కదా" అన్నాను. పెట్టింది. చలికాలమంతా రాత్రులు చేసింది. పంతొమ్మిదో వారంలో డ్యూటీలోనే రక్తం కనబడింది. డ్యూటీ అప్పగింత పూర్తిచేసి, తన ఏడుగురు రోగుల సంగతీ మాకు చెప్పి, అప్పుడు కింద అత్యవసర విభాగానికి నడిచి వెళ్ళింది. గర్భం ఎందుకు పోయిందో ఎవరూ చెప్పలేరన్నాడు డాక్టరు. నర్సుని, ఆ మాట నిజమేనని నాకూ తెలుసు. అయినా ఆమెతో 'లేదు' పెట్టించింది నేను. ఏడో రోజున ఆమె బియ్యప్పిండి కేకుల పెట్టె పట్టుకుని వచ్చింది. నేను లేక మీ అందరికీ ఇబ్బంది కలిగింది, క్షమించండి అని నడుం వంచింది. బిడ్డ చనిపోయినందుకు ఆమె మా దగ్గర క్షమాపణ అడిగింది. మేము తిన్నాం. బాగా మెత్తగా ఉన్నాయి అన్నారెవరో. నేను రెండు తిన్నాను. మార్చిలో ఆమె ఉద్యోగం మానేసింది.

సూదుల గదిలో కుర్ర డాక్టరు తలెత్తకుండా కాగితం అందుకున్నాడు. జ్వరం ఉందా, గుడ్డు పడదా, వరసగా అడుగుతున్నాడు. ఆరో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి, "గర్భం లేదు" అని తనే చదివి దాటబోయాడు. ఉన్‌సిల్ అక్క నా వెనక గోడకి ఆనుకుని ఉంది. ఆమె ఊపిరి నాకు వినబడుతోంది.

"ఆరోది తప్పు. ఉంది. పదకొండో వారం" అన్నాను.

అతను కొట్టేసి మళ్ళీ రాశాడు. "శుభాకాంక్షలు. అయితే మీకు ఇది మరీ అవసరం" అన్నాడు. ఈ మూడు వారాల్లో నన్ను అభినందించిన మొదటి మనిషి అతనే, అదీ కాగితం చూస్తూ. నాకు సిగ్గులేకుండా ఏడుపొచ్చింది. సూది చురుక్కుమందని అనుకున్నట్టున్నాడు, దూది గట్టిగా అదమమన్నాడు. వెనక్కి తిరిగేసరికి ఉన్‌సిల్ అక్క లేదు.

అయిదింటికి కేకు వచ్చింది. డైరెక్టరు వచ్చాడు, "వంద శాతం" అని రాసిన అట్ట పట్టుకుని అందరం ఫొటో దిగాం. సొక్ మేడమ్ పళ్ళన్నీ కనబడేలా నవ్వింది. ఆయన లిఫ్టెక్కగానే ఆ నవ్వు తీసేసింది. కింద సూదుల గది నుంచి ఆమెకి అప్పటికే ఫోను వచ్చేసింది.

"యున్‌జు మీ అందరికీ ఒక మాట చెప్పాలిట. ముందుకు రా."

ఏం చెప్పాలో నాకు తెలుసు. చేతులు పొట్ట మీద కట్టుకుని, నడుం వంచి, వరస తప్పి మీకు ఇబ్బంది కలిగించాను, క్షమించండి అనాలి. ఇరవై ఆరుగురు కేకు ప్లేట్లు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. ఉన్‌సిల్ అక్క ఒక్కతే ప్లేటు తీసుకోలేదు, మందుల బండి పక్కన నిలబడి ఉంది.

"కిందటేడు హెరిన్ చేత లేదని పెట్టించింది నేనే" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "తరవాత ఆమె తెచ్చిన కేకులు కూడా తిన్నాను. క్షమాపణ నేను ఆ పిల్లకి బాకీ. ఇవ్వాళ రాత్రి ఫోన్ చేస్తాను, ఎత్తితే చెప్తాను. నా కడుపుకి మాత్రం మీలో ఎవరికీ క్షమాపణ చెప్పను."

"ఎంత పొగరు!" అంది ఎవరో. కుందేలు బొమ్మ పెట్టిన పిల్ల తల దించుకుంది.

"ప్రసంగం అయిందా?" సొక్ మేడమ్ డ్యూటీ పట్టిక తెరిచింది. "అయితే ఈ మహాతల్లి ఆరు రాత్రులూ ఎవరు చేస్తారో కూడా చెప్పండి."

ఒక్కొక్కరే ఉన్‌సిల్ అక్క వైపు తిరిగారు. ఆఖరికి నేను కూడా.

"నేను చెయ్యను" అంది ఉన్‌సిల్ అక్క.

"ఏమిటీ?"

"పదిహేడేళ్ళలో మొదటిసారి అంటున్నాను మేడమ్, మళ్ళీ అడక్కండి. నేను చెయ్యను, దీన్నీ చెయ్యనివ్వను. మనుషులు కావాలని పైకి రాయండి."

బండి పక్కనించి కదిలి వచ్చి నా పక్కన నిలబడింది. నా మొహం మాత్రం చూడలేదు.