రెండో బ్రేకు

ఏప్రిల్ పదకొండు. ఆ మధ్యాహ్నం తిన్నది ఉడికించిన గుడ్లు, రొట్టె, చెరొక అరటిపండు. తేదీ, తిండీ రెండూ బ్రేకక్కకు ఇప్పటికీ గుర్తే. గుడ్డు పెంకు ఒలుస్తుండగా వాహనాల తనిఖీ ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. ఆమె కారుకు వయసు తీరిపోయిందట. నెలాఖరు దాటాక డ్రైవింగ్ నేర్పడానికి దాన్ని రోడ్డెక్కించకూడదట. ఆమె "సరేనండీ" అని ఫోను పెట్టేసి, ఒలవడం పూర్తిచేసి, ఆ గుడ్డు భర్త చేతిలో పెట్టింది.

"దీనికి కాలం తీరినట్టేనా?" అన్నాడాయన.

"తీరినట్టే. ఉప్పు వేసుకో."

ఆయన దర్జీ. ఇంటి ముందు గదిలో ఆయన కుట్టు మిషను, ఆ గది గోడకే బయట ఆమె డ్రైవింగ్ స్కూలు బోర్డు. స్కూలంటే ఆ ఒక్క కారూ, ఆ ఒక్క మనిషీ. నేర్పే కార్లలో పక్క సీటు కింద, కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళ కాలు తడబడితే నేర్పేవాళ్ళ కాలు దాన్ని నొక్కుతుంది. ఇరవై ఏళ్ళుగా నొక్కీ నొక్కీ ఆమెకు ఆ పేరు వచ్చింది. అసలు పేరు పెట్టి పిలిస్తే ఇప్పుడు ఆమె కూడా వెంటనే పలకదు.

కొత్త కారు కొనక తప్పదు. పెట్రోలు కారు కొనడం మాత్రం తెలివితక్కువ పనని ఆమెకూ తెలుసు. నేర్చుకునేవాళ్ళు నడిపే కారు సగం దూరం మొదటి గేరులో మూలుగుతూ పోతుంది, మిగతా సగం ఆగిపోయి మళ్ళీ స్టార్టవుతుంది. ఒక చేత్తో ఫీజు తీసుకుని రెండో చేత్తో పెట్రోలు బంకులో పోసి రావడమే ఆమె వ్యాపారం అయిపోయింది.

"కరెంటు కారు తీసుకుందాం అక్కా" అన్నాడు తమ్ముడు. అతను ఒక లారీల కంపెనీలో లెక్కలు రాస్తాడు. పాత కారులో సగం పెట్టుబడి అతనిదే కాబట్టి ప్రతి శుక్రవారం సాయంత్రం వచ్చి, టీ తాగి, సలహా చెప్పి, వాటా పట్టుకుపోతాడు. "పెట్రోలుకయ్యే దాంట్లో నాలుగో వంతు కరెంటుకు సరిపోతుంది. రోడ్డు పన్ను లేదు. దీనికి తోడు ప్రభుత్వం కారు ధరలో ఆరో వంతు తనే ఇస్తుంది."

"నేర్పే కార్లకు కూడా ఇస్తారా?"

"ఇంట్లో వాడుకునే వాటికే ఇస్తారు. బావ పేరు మీద తీసుకుందాం. బావకు ఇల్లు లేదా, పెళ్ళాం లేదా?"

"బావకు డ్రైవింగ్ రాదు కదరా."

"ఇంకా మంచిది. కారు అరగదు."

దర్జీ నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. అబద్ధమెందుకు, ఆ ఆరో వంతు మీద ఆమెకూ ఆశ పుట్టింది. ఎదురు వీధి స్కూలువాడు ఇలాగే రెండు కార్లు తెచ్చాడు. ఫీజు తగ్గించాడు. ఆమె దగ్గర చేరాల్సినవాళ్ళు అటు పోతున్నారు. కడుపు నిండినవాళ్ళు చెప్పే నీతులు ఆమెకు ఎప్పుడూ నచ్చవు.

షోరూముకు వెళ్ళాల్సిన రోజు పొద్దున ఒక పాఠం ఉంది. నేర్చుకునేది మందుల షాపావిడ. ఇదివరకు రెండు చోట్ల చేరి, భయపడి మానేసింది. చేతులు స్టీరింగుకు అతికించినట్టు పట్టుకుని, ఊపిరి బిగబట్టి నడుపుతుంది. బడి దాటాక మలుపు దగ్గర ఒక ముసలాయన రోడ్డు దాటుతున్నాడు. మందుల షాపావిడ ఆయన్ని దూరం నుంచే చూసింది. బ్రేకు వేద్దామనే అనుకుంది. కాలు మాత్రం యాక్సిలరేటరు మీదే పడింది, పడి బిగుసుకుపోయింది.

ఆవిడ అరిచేలోపే బ్రేకక్క కాలు రెండో బ్రేకు నొక్కింది, కారు ఆగింది. ముసలాయన తిరిగి చూసి, తనకు దారి ఇవ్వడానికే ఆగారనుకుని, చెయ్యెత్తి మర్యాదగా పలకరించి వెళ్ళిపోయాడు.

మందుల షాపావిడ ఏడుపు ఆపుకోలేకపోయింది. "నా వల్ల కాదు బ్రేకక్కా. నన్ను దింపెయ్యి."

"దింపితే కారు ఎవరు నడుపుతారు? నాకు ఈ వైపు స్టీరింగ్ లేదు" అంది బ్రేకక్క. "ముక్కు తుడుచుకుని పోనీ."

ఆవిడ ఏడుస్తూనే ఇంటిదాకా నడిపింది. ఆవిడను దింపి, బ్రేకక్క భర్తనూ తమ్ముణ్ణీ ఎక్కించుకుని షోరూముకు వెళ్ళింది.

షోరూములో నేల అద్దంలా ఉంది. తెల్ల కారు మధ్యలో నిలబడి ఉంది. టై కట్టుకున్న సేల్సతను కుర్చీలు వేసి, దర్జీ ముందు కాగితాలు పరిచాడు. "ఇక్కడ సంతకం సార్. కారు కుటుంబ అవసరాలకే వాడతామని మీరు ఇచ్చే హామీ ఇది."

బ్రేకక్క కారు చుట్టూ తిరిగి, పక్క సీటులో కూర్చుని, కాళ్ళు చాపి చూసింది. "ఇక్కడ బ్రేకు పెట్టించుకోవచ్చా?" అని లోపలి నుంచే అడిగింది.

సేల్సతను తమ్ముడి వైపు చూశాడు. "ఈ పథకంలో కొంటే కుదరదు మేడమ్. మూడేళ్ళపాటు ఎప్పుడైనా తనిఖీకి వస్తారు. ఆ బ్రేకు చూశారంటే ఇచ్చిన డబ్బు వెనక్కి తీసుకుంటారు. అయినా దీనికి అవసరం లేదు. ముందు ఏదైనా అడ్డొస్తే కారే ఆగుతుంది. కెమెరాలున్నాయి."

"ముందు అడ్డొస్తే ఆగుతుంది. పక్కనున్న మనిషికి గుండె జారితే ఆగుతుందా?"

"అంటే..."

"అదే అడుగుతున్నా. కాలు బిగుసుకుపోయిందని దానికి తెలుస్తుందా?"

సేల్సతను నిజాయితీగా ఆలోచించాడు. "తెలియదు మేడమ్" అన్నాడు.

ఆమె కారు దిగి వచ్చి భర్త పక్కన నిలబడింది. "సంతకం పెట్టకు."

తమ్ముడు లేచాడు. "అక్కా, ఇప్పుడు ఈ పేచీ ఏంటి? మూడేళ్ళు చేత్తో హ్యాండ్ బ్రేకు లాగు. ఎదురు వీధివాడు లాగడం లేదా? నలుగురితో నారాయణ అన్నారు."

"నలుగురితో పాటు కటకటాలు అని కూడా అన్నారా? పాఠం చెప్తుండగా ఎవరికైనా తగిలితే ఏం చెప్తాం? ఇంట్లో వాడుకునే కారు, ఈవిడ మా చుట్టం అని చెప్తామా?"

"లక్ష్మి వచ్చి తలుపు తడితే గడియ వేస్తానంటావు."

"తట్టేది లక్ష్మో, రేపు లెక్క అడిగేవాడో నాకేం తెలుసు? నా కాలికి బ్రేకు లేని కారులో నేను కూర్చోను. మామూలుగా నేర్పే కారు కిందే రాయించండి. ఆ ఆరో వంతు వాళ్ళ దగ్గరే ఉంచుకోమనండి."

తమ్ముడు బావ వైపు తిరిగాడు. "నువ్వైనా చెప్పు బావా. ఆ డబ్బుతో కారుతున్న మీ ఇంటి కప్పు బాగుచేయించుకోవచ్చు."

దర్జీ పెన్నుకు మూత పెట్టి, కాగితాల పక్కన జాగ్రత్తగా పడుకోబెట్టాడు. "నా చేత రాయించుకునే హామీ కదా నాయనా ఇది. నాకు డ్రైవింగే రాదు. రానిదాని మీద హామీ ఎలా ఇస్తాను? కప్పు కింద బకెట్ ఉంది."

"అయితే నా సగం నాకు పడెయ్యండి."

"పాత కారు తుక్కుకు వేస్తే వచ్చేదాంట్లో సగం నీదే" అంది బ్రేకక్క. "బ్రేకులో మాత్రం సగం ఇవ్వడం కుదరదు."

అతను వెళ్ళిపోయాడు. అద్దం తలుపు దానంతటదే తెరుచుకోవడంతో విసురుగా తోయడానికి కూడా వీల్లేకపోయింది.

సేల్సతను మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. గ్లాసులు పెట్టి, కాస్త వంగి అన్నాడు. "మేడమ్, పాత కారు తుక్కుకు ఇచ్చినట్టు కాగితం తెస్తే మా కంపెనీ ధరలో కొంత తగ్గిస్తుంది. నేర్పే కార్లకూ ఇస్తారు. రోడ్డు పన్ను మినహాయింపు కూడా అంతే. వాటికి ఎవరూ హామీలు అడగరు." ఆ మాట చెప్పకపోయినా అతని జీతం అతనికి వస్తుంది. అయినా చెప్పాడు.

ఆరో వంతు వదులుకోవడంతో, ఐదేళ్ళలో తీరాల్సిన కారు అప్పు ఏడేళ్ళకు పాకింది. "అరవై దాటేదాకా కడుతూనే ఉంటావన్నమాట" అన్నాడు దర్జీ దారిలో.

"అరవై దాటితే నా కాలేమన్నా ఊడిపోతుందా?"

కొత్త కారుకు రెండో బ్రేకు బిగించిన రోజే ఆమె ఒక రేకు ముక్క మీద రంగుతో రాసి గోడకు కొట్టింది: *మా కారుకు రెండు బ్రేకులు. అందుకే ఫీజు ఎక్కువ. ఎక్కడ నేర్చుకున్నా ముందు పక్క సీటు కింద చూడండి.* మూడో వాక్యం వద్దన్నాడు దర్జీ. అదే ఆమె లావు కుంచెతో రాసింది.

ఎదురు వీధివాడు వచ్చి, చదివి, "ఇది నన్నేనా?" అన్నాడు.

"నీ పేరుందా దాంట్లో?"

"లేదు."

"అయితే నీ సీటు కింద నువ్వు చూసుకో."

చెప్పినంత సులువుగా మాత్రం గడవలేదు. ఫీజు విని వెనక్కి తిరిగినవాళ్ళు చాలామంది. మొదటి వాయిదాకు దర్జీ, రెండు కోట్లు కుట్టడానికి తీసుకున్న ముందస్తు డబ్బు కలిపాడు. రెండోదానికి ఆమె బంగారు గాజు ఒకటి వెళ్ళింది. శుక్రవారాలు తమ్ముడు రాలేదు. అలవాటుగా మూడో కప్పు టీ కూడా పెట్టేది, తర్వాత అది తనే తాగేసేది. కరెంటు బిల్లు వచ్చినప్పుడు మాత్రం ఇద్దరూ దాన్ని రెండుసార్లు చదివారు. అంతకుముందు వారానికి పెట్రోలుకు పోసేది ఇప్పుడు నెలకు సరిపోయింది. దర్జీ దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, ఆ రోజు గుండీలు కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ చూపించాడు.

మందుల షాపావిడ మళ్ళీ వచ్చింది. క్లచ్ లేదని తెలిసి, "అయితే ఎడమ కాలితో ఏం చెయ్యాలి?" అంది.

"దానికి సెలవు. కూర్చుని చూస్తుంది."

ఆవిడ పరీక్ష నెగ్గి, తన షాపు బల్ల మీద బ్రేకక్క ఫోను నంబరు రాసి అంటించింది. దగ్గు మందుకు వచ్చినవాళ్ళు ఒకరిద్దరు అలా చేరారు. వర్షాలు జోరందుకునే నాటికి మూడో వాయిదా ఫీజుల్లోంచే కట్టగలిగింది. ఏమీ మిగల్లేదు, అలాగని ఏమీ అమ్మలేదు.

ఒక శుక్రవారం సాయంత్రం తమ్ముడు వచ్చాడు. వెనక అతని భార్య, కొత్త చెప్పులతో.

"దీనికి కారు నేర్పాలట" అన్నాడు గోడ వైపు చూస్తూ.

"ఎదురు వీధిలో చవక కదరా."

"నేనూ అదే అన్నాను వదినా" అంది మరదలు. "అక్కడికి తీసుకెళ్ళారు కూడా. తీరా వెళ్ళాక వంగి సీటు కింద చూశారు. చూసి, నా చెయ్యి పట్టుకుని ఇటు లాక్కొచ్చారు."

"నేను చూడలేదు. తాళం పడిపోతే వంగాను" అన్నాడు తమ్ముడు.

బ్రేకక్క నవ్వలేదు. నవ్వితే వెళ్ళిపోతాడని తెలుసు. మరదల్ని స్టీరింగు ముందు కూర్చోబెట్టింది. తమ్ముడు వెనక సీట్లో కూర్చున్నాడు. వీధి చివరి దాకా వెళ్ళేలోపే మరదలు ఆగి ఉన్న పాలబండి మీదికి కారు తిప్పింది. బ్రేకక్క కాలు కదిలింది. వెనకనుంచి తమ్ముడి తల వచ్చి ముందు సీటుకు కొట్టుకుంది. అతను నుదురు రుద్దుకున్నాడు.

తిరిగొచ్చాక ఫీజు బల్ల మీద పెట్టాడు. పెంచిన ఫీజే పెట్టాడు. "బోర్డు చదివాను. అక్షరాలు వంకర."

"కొత్తది నువ్వే రాసివ్వు."

అతను టీ తాగాడు. కప్పు దించుతూ, "వచ్చే ఏడు నేర్పే కార్లకూ ఆ డబ్బు ఇస్తారని అనుకుంటున్నారు. కాస్త ఆగి ఉంటే..." అన్నాడు.

"ఇవ్వనీ. నిజం చెప్తే ఇచ్చేది ఎంతైనా రెండు చేతులా పుచ్చుకుంటాను. అప్పటిదాకా నా కారు నాదే, నా అప్పూ నాదే."

"నీ మొండితనం నాన్న పోలిక."

"మరి నీకు రాలేదేం? వచ్చే శుక్రవారం తొందరగా రండి, చీకటి పడకముందే పాఠం అయిపోవాలి."

వాళ్ళు వెళ్ళాక ఆమె కప్పులు కడిగి పడుకోవడానికి వెళ్ళింది. దర్జీ ఇంట్లోంచి లాగిన తీగతో రేకుల కొట్టంలోని కారును కరెంటుకు తగిలించాడు. చిన్న ఆకుపచ్చ దీపం వెలిగింది. తీగ నలగకుండా కొట్టం తలుపును ఒక చేత్తో కొంచెం పైకెత్తి, ఆమెకు నిద్రాభంగం కాకుండా మెల్లగా మూశాడు.